గుణాత్మక ఆరోగ్య పరిశోధనల సమీక్ష – నివేదనా పద్ధతి: మహదేవపూర్ నేపథ్యం

ఒక విషయంపై జరిగిన పలు అధ్యయనాలను ఒకచోట చేర్చి సారాన్ని నిగ్గుతేల్చేది సమీక్ష. అంకెలపై ఆధారపడిన అధ్యయనాలను కలపడానికి గణాంకశాస్త్రం తోడ్పడుతుంది. ప్రజల మాటలు, అనుభవాలు ఆధారంగా సాగే గుణాత్మక అధ్యయనాలను కలిపేది సమీక్షకుని వ్యాఖ్యానం. కాబట్టి ఆ వ్యాఖ్యానం ఎలా రూపొందిందో తెలపకపోతే పాఠకునికి దానిని పరీక్షించే అవకాశం ఉండదు.

1988లో విద్యారంగ పరిశోధకులైన జార్జ్ నోబ్లిట్, డ్వైట్ హేర్‌లు 'మెటా-ఎథ్నోగ్రఫీ' గ్రంథంలో ఏడు దశల సమన్వయ పద్ధతిని ప్రతిపాదించారు. ఆరోగ్య పరిశోధకులు తరువాత దీనిని స్వీకరించారు. అయితే విశ్లేషణ జరిగిన తీరు అనేక సమీక్షలలో అస్పష్టంగానే మిగిలింది. ఈ లోపాన్ని సవరించడానికి 2012లో 21 అంశాల 'ఎన్‌ట్రెక్', 2019లో మెటా-ఎథ్నోగ్రఫీ కోసం 19 అంశాల 'ఈమర్జ్' మార్గదర్శకాలు వెలువడ్డాయి.

వీటిని మన ప్రాంతానికి అన్వయించేటప్పుడు రెండు విషయాలు గమనించాలి. మొదటిది స్థలం. అధ్యయనం జరిగిన దేశం, అందులో పాల్గొన్న జనం వంటి వివరాలివ్వాలని ఎన్‌ట్రెక్ సూచిస్తుంది. కానీ దేశం పేరు, జిల్లా పేరు సరిపోవు. గోదావరి తీరంలోని మహదేవపూర్ మండలం 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనకు ముందు కరీంనగర్ జిల్లాలోనిది. నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది. జిల్లా పేరునే నమోదు చేస్తే ఒకే ఊరు రెండు ప్రాంతాలుగా కనిపిస్తుంది. పాత అధ్యయనాలలో అటవీ పల్లె, కరీంనగర్ పట్టణం ఒకే గాటన చేరతాయి. వైద్యం అందే దూరం ఈ రెండింటికీ ఒకటి కాదు.

రెండవది మాట. ఉదహరించిన వాక్యం పాల్గొన్నవారిదా, పరిశోధకుని వ్యాఖ్యా అన్నది స్పష్టం చేయాలని ఎన్‌ట్రెక్ కోరుతుంది. ఒక తల్లి "బిడ్డకు అమ్మవారు పోసింది" అంటుంది. ఆంగ్ల వ్యాసంలో అది 'చికెన్‌పాక్స్'గా మారితే రోగం పేరు మిగులుతుంది. వేపమండ, ఇంటి నియమం, మొక్కు జారిపోతాయి. ఆమె ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదో తెలిపే ఆధారం అందులోనే ఉంది. అది లేని సమీక్ష ఆమెకు 'అవగాహన లేదు' అని తేల్చే ప్రమాదముంది.

కాబట్టి గ్రామం, మండలం, నాటి జిల్లా, క్షేత్రపర్యటన సంవత్సరం, సంభాషణ భాష, అనువాదం చేసినవారి పాత్ర, కీలకపదాల మూలరూపం సమీక్షలో నమోదు కావాలి. మూల అధ్యయనంలో అవి లేకపోతే లేవనే రాయాలి. ప్రజల మాట విధానకర్తకు చేరేలోగా ఎన్ని చేతులు మారిందో తెలిపేది ఈ నమోదే.