కోడలి గ్రీన్‌కార్డు, మా తాతగారి రంగం కొట్టు

ఈసారి రాత కొంచెం పొడుగు. అమెరికాలో పిల్లలున్నవాళ్లు తీరిక చేసుకుని చివరిదాకా చదవండి.

పోయిన ఆదివారం మీటింగ్ అయ్యాక సంఘం హాల్లో టీ తాగుతుంటే ఒక అక్కయ్యగారు నన్ను పక్కకి పిలిచారు. వాళ్లబ్బాయికి అమెరికా పౌరసత్వం వచ్చి నాలుగేళ్లయింది. కోడలికి ఇంకా గ్రీన్‌కార్డే. ఇప్పుడు అబ్బాయిని కంపెనీ మూడేళ్ల పనిమీద సింగపూర్ పంపుతోంది. కోడలూ, మనవడూ వెంట వెళ్తారు. "ఆరు నెలలకోసారి వెళ్లి అడుగుపెట్టి వస్తే చాలట కదా తమ్ముడూ? పైగా మావాడు సిటిజనే. కోడలి కార్డు ఎక్కడికి పోతుంది?" అన్నారు. పక్కనున్న నలుగురూ అవునంటే అవునన్నారు. నేను మాత్రం చదివి చెబుతానన్నాను. ఆ మాట వినగానే మా తాతగారి రంగం కొట్టు గుర్తొచ్చింది మరి.

మన బరంపురం వాళ్లకి రంగం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గోపాలపురం రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్లినవాళ్ల కథలు వినని ఇల్లు మన పాత వీధుల్లో లేదు. మా తాతగారికి అక్కడ చిన్న బట్టల కొట్టు ఉండేది. 1942లో జపాన్ వాళ్లు రంగూన్ పట్టుకున్నప్పుడు అందరితో పాటు పారిపోయి వచ్చారు. యుద్ధం అయ్యాక మళ్లీ వెళ్లి కొట్టు తెరిచారు. 1948లో చెల్లెలి పెళ్లికని నాలుగు నెలల కోసం ఇంటికొచ్చారు. కొట్టు తాళం చెవి మొలతాడుకే ఉంది. అయితే 1947లోనే బర్మా కొత్త వలస చట్టం చేసింది. అనుమతి పత్రమో, వీసా వేసిన పాస్‌పోర్టో లేనిదే పరాయి మనిషిని రానివ్వరు. ఇరవై ఏళ్లు అక్కడ బతికిన మనిషి, ఓడెక్కేముందు ఆ పత్రం సంగతి ఎవర్నీ అడగలేదు. ఆ తాళం చెవిని మా నాయనమ్మ పెట్టెలో నేను చూశాను.

అప్పుడూ ఇప్పుడూ ప్రశ్న ఒకటే. ఒక దేశంలో స్థిరపడ్డ పరాయి మనిషి కొన్నాళ్లు బయటికెళ్లి తిరిగొస్తే, సొంతింటికి వస్తున్నట్టా, కొత్తగా తలుపు తడుతున్నట్టా? అమెరికా దీనికి నూట ముప్పై ఏళ్లుగా తడవకో జవాబు చెబుతూ వచ్చింది.

మొదటి పెద్ద జవాబు చాలా కటువైనది. 1882లో చైనా కూలీల రాకను అమెరికా ఆపేసింది. అప్పటికే ఉన్నవాళ్లు ఊరెళ్లి రావాలంటే, వెళ్లేముందు ప్రభుత్వం దగ్గర ఒక సర్టిఫికెట్ తీసుకోవాలి. అది చూపిస్తే మళ్లీ రానిస్తారు. ఛే ఛాన్ పింగ్ అనే ఆయన 1875 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నాడు. 1887లో ఆ సర్టిఫికెట్ తీసుకునే చైనా వెళ్లాడు. మరుసటి సెప్టెంబరులో హాంకాంగ్‌లో తిరుగు ఓడెక్కాడు. ఓడ ఇంకా సముద్రం మీద ఉండగా, 1888 అక్టోబరు 1న, స్కాట్ చట్టం వచ్చి ఆ సర్టిఫికెట్లన్నిటినీ రద్దు చేసింది. వారం తర్వాత రేవు చేరిన మనిషిని దిగనివ్వలేదు. అలాంటి కాగితాలు చేత పట్టుకుని బయట ఉండిపోయినవాళ్లు సుమారు 20,000 మంది. 1889లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వానికి ఆ అధికారం ఉందనే తేల్చింది. సర్కారు తన చేత్తో ఇచ్చిన కాగితానికే ఆ గతి పట్టింది.

ఆ తర్వాత వచ్చిన 1924 చట్టం గురించి కాస్త ఆగి చెప్పాలి. నేటి రీఎంట్రీ పర్మిట్ దాన్నుంచి వచ్చిందే. శాశ్వత నివాసి 'తాత్కాలిక ప్రయాణం' చేసి తిరిగొస్తే కోటాలో లెక్కపెట్టరు. వెళ్లేముందు 3 డాలర్లు కట్టి పర్మిట్ తీసుకోవచ్చు, ఏడాది చెల్లుతుంది. కానీ అదే చట్టం ఇంకో మాట కూడా రాసింది. ఆ పర్మిట్ చూపేది ఒక్కటే, ఈ మనిషి తాత్కాలిక ప్రయాణం నుంచి తిరిగొస్తున్నాడని. అంతకుమించి దానికి ఏ బలమూ లేదు. అలాగని ఆ సంగతి రుజువు చేసుకోవడానికి అదొక్కటే దారీ కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

మరి భార్యల సంగతి? 1917లోనే ఇండియాతో సహా ఆసియాలో చాలా భాగం నుంచి వలసను మూసేశారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు వలస రాకూడదని 1924 చట్టం తలుపేసింది. దాని ఫలితం చూడండి. కాలిఫోర్నియా పొలాల్లో స్థిరపడ్డ పంజాబీ రైతు తాను ఇండియా వెళ్లి తిరిగి రావచ్చు. ఊళ్లో ఉన్న ఇల్లాలిని మాత్రం వెంట తెచ్చుకోలేడు. కొన్ని వందల మంది అక్కడే మెక్సికన్ స్త్రీలను పెళ్లాడింది అందుకే. మన తెలుగువాడు ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో భార్య శేషగిరిని ఇక్కడే వదిలి బోస్టన్ వెళ్లారు, మళ్లీ ఆమెను చూడలేదు. దానికి చట్టం ఒక్కటే కారణమని నేననను, ఆయన పని పిచ్చి లోకానికి తెలిసిందే. భారతీయులకి ఏడాదికి 100 మంది కోటా, పౌరసత్వ అర్హత దొరికింది 1946లో. ఆయన పౌరసత్వం తీసుకోకుండానే 1948లో న్యూయార్క్‌లో పోయారు.

అంటే భర్తకున్న తిరిగొచ్చే హక్కు భర్తది. భార్యకి అది దానంతటదే అంటదు. చట్టాలు మారినా ఈ ఒక్కటీ మారలేదు.

1953లో నెల తేడాతో వచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చదివితే నాకు నిద్ర పట్టలేదు. మొదటిది క్వాంగ్ హై చ్యూ అనే నావికుడిది. శాశ్వత నివాసి, ఇల్లు న్యూయార్క్‌లో, భార్య అమెరికా పౌరురాలు. ప్రభుత్వ అనుమతి తీసుకుని అమెరికా ఓడలోనే పనికి వెళ్లి కొన్ని నెలలకి తిరిగొస్తే దిగనివ్వలేదు. విచారణ లేకుండా గెంటడానికి వీల్లేదని కోర్టు అతన్ని కాపాడింది. రెండోది ఇగ్నాట్జ్ మెజైది. బఫెలో ఊళ్లో ఇరవై అయిదేళ్లు ఉన్నాడు. 1948లో, తల్లి చివరి దశలో ఉందని రుమేనియాకి బయల్దేరాడు. అక్కడికి రానివ్వలేదు. హంగరీలో చిక్కుకుని 19 నెలలు ఉండిపోయాడు. 1950లో తిరిగొస్తే భద్రతా కారణాలన్నారు, అవేమిటో చెప్పలేదు. ఏ దేశమూ తీసుకోలేదు. భార్య బఫెలోలో, ఆయన న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవిలో. కోర్టు 5-4తో ప్రభుత్వం పక్షాన నిలిచింది. 1954 ఆగస్టులో గానీ ఆయన్ని బయటికి వదల్లేదు. ఇద్దరూ పాత నివాసులే, ఇద్దరికీ అమెరికాలో సంసారం ఉంది. తేడా తెచ్చింది ఏమిటంటే, ఒకడు అనుమతితో వెళ్లి త్వరగా వచ్చాడు, ఇంకొకడు అనుమతి లేకుండా వెళ్లి ఏడాదిన్నర పైన ఉండిపోయాడు.

తర్వాత కాలంలో పట్టు కాస్త సడలింది. 1963లో ఫ్లూటి అనే స్విస్ ఆయన మెక్సికోలో ఒకటి రెండు గంటలు గడిపి వస్తే, అది కొత్త ప్రవేశం కిందికి రాదని కోర్టు అంది. 1996 చట్టం ఆ గీతను 180 రోజుల దగ్గర గీసింది. అంతకు మించి బయట ఉంటే కొత్తగా ప్రవేశం అడుగుతున్న మనిషిగా చూసి ప్రశ్నించవచ్చు. ఏడాది దాటితే ఉత్త గ్రీన్‌కార్డు చూపి రావడం కుదరదు. మనవాళ్ల 'ఆరు నెలల' మాట పుట్టింది ఇక్కడే. కానీ ఆ చట్టంలోనే, నివాసం వదులుకున్న మనిషికి ఈ రక్షణ లేదని కూడా ఉంది. 180 రోజులు ప్రశ్నలు పెరిగే గీతే గానీ, లోపలుంటే కార్డు భద్రమనే హామీ కాదు.

దానికి సాక్ష్యం 1975 నాటి కేన్ కేసు. ఆవిడ ఏటా నెల రోజులు అమెరికాలో ఉండి, మిగతా కాలం జమైకాలో సొంత ఇంట్లో అద్దెగదులు నడుపుకునేది. ఏటా అడుగు పెడుతూనే ఉంది. అయినా నివాసం వదులుకున్నట్టేనన్నారు. ఎందుకు వెళ్లావు, ఎప్పటికి ముగుస్తుంది, నీ ఇల్లూ ఉద్యోగమూ అసలు ఎక్కడ? ఈ మూడు ప్రశ్నలు అప్పుడు కుదురుకున్నాయి.

మన అక్కయ్యగారి కోడలికి అచ్చంగా సరిపోయేది 1988 నాటి హువాంగ్ కేసు. భర్త ఉద్యోగం జపాన్‌లో. గ్రీన్‌కార్డున్న భార్య పిల్లలతో అతని దగ్గరే ఉంటూ, నడుమ నడుమ అమెరికా వచ్చి పోయేది. కార్డు నిలుపుకోవాలన్న కోరిక ఆమెకి ఉంది. ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఆ కోరిక ఒక్కటే చాలదంది. భర్త అక్కడున్నంత కాలం తానూ అక్కడే అన్నప్పుడు ప్రయాణానికి ముగింపు తేదీ ఎక్కడుంది? ఆలుమగలు ఒకచోట ఉండడం సంసార ధర్మం, కాదన్నదెవరు? కానీ చట్టం భార్య ప్రయాణాన్ని ఆమె ప్రయాణంగానే తూచింది. ఆ తీర్పులోనే మేలు చేసే మాట ఒకటుంది. నివాసం వదులుకున్నారని గట్టి సాక్ష్యంతో రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వానిదే. కాబట్టి ఎయిర్‌పోర్టులో ఎవరైనా కార్డు వదులుకునే ఐ-407 ఫారం ముందు పెడితే భయపడి సంతకం చేయకూడదు. జడ్జి ముందు విచారణ కావాలని అడగవచ్చు.

అక్కయ్యగారూ, ఇవన్నీ చదివాక మీవాళ్లకి నేను చెప్పేది ఇది. ఐ-131 ఫారంతో రీఎంట్రీ పర్మిట్ అడగాలి. అప్లికేషన్ వేసే రోజున కోడలు అమెరికాలోనే ఉండాలి, వేలిముద్రలూ అక్కడే ఇవ్వాలి. మామూలుగా రెండేళ్లు చెల్లుతుంది, పొడిగింపు లేదు. మూడో ఏడాదికి మళ్లీ వెళ్లి కొత్తది అడగాల్సిందే. 1924లో చెప్పినట్టే, పర్మిట్ ఉందని అన్నీ తీరిపోవు. కంపెనీ ఇచ్చిన ఉత్తరంలో పని ముగిసే తేదీ ఉండాలి. అక్కడి ఇల్లు అమ్మేయకుండా ఉంచుకోవాలి, బ్యాంకు ఖాతా నడుస్తుండాలి. పన్ను రిటర్న్ నివాసిగానే వేయాలి. పన్ను మిగులుతుందని నాన్ రెసిడెంట్‌గా వేసి కార్డు మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు.

ఇంకో దారి కూడా ఉంది, హాల్లో మాట్లాడిన ఏ ఒక్కరికీ తెలియనిది. 1952 చట్టంలోని 319(బి) సెక్షన్. భర్త అమెరికా పౌరుడై, అమెరికా కంపెనీయో దాని అనుబంధ సంస్థో అతన్ని కనీసం ఏడాది విదేశీ పనిమీద పంపితే, గ్రీన్‌కార్డున్న భార్య ఇన్నేళ్లు ఉండాలన్న నిబంధన లేకుండా పౌరసత్వానికి అర్జీ పెట్టుకోవచ్చు. భర్త పని అయ్యాక వెంటనే తిరిగొచ్చి ఉంటానని చెప్పాలి, ప్రమాణానికి అమెరికాలో ఉండాలి. భర్త పౌరసత్వం భార్యకి నిజంగా అక్కరకొచ్చే చోటు ఇదే. సింగపూర్ కంపెనీ నేరుగా ఉద్యోగమిస్తే ఇది వర్తించదు. లాయరుకి పోస్టింగ్ ఉత్తరం చూపించి తేల్చుకోండి, నా మాట మీద పోకండి.

నిన్న సాయంత్రం ఫోన్‌లో ఇదంతా చెప్పాను. కోడలు కూడా లైన్లో ఉంది. పౌరసత్వం తీసుకుంటే ఇండియా పాస్‌పోర్టు వదిలేయాలి కదా బాబాయ్‌గారూ అంది. అవునమ్మా, ఓసీఐ కార్డు ఇస్తారు గానీ ఓటుండదు అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ముందు పర్మిట్‌కి పెడతాను, రెండోది తర్వాత చూస్తాను అంది. రాత్రే ఐ-131 పంపిందట. సింగపూర్ టికెట్లు వచ్చే నెల 14కి. వేలిముద్రల తేదీ ఇంకా రాలేదు.