ఇంటి లెక్కలు – సర్కారు ఆరా

పన్ను చెల్లించుట మన పూర్వులకు క్రొత్త కాదు. భూమి శిస్తు, ఉప్పు పన్ను, మగ్గములపైనను అంగళ్లపైనను విధించిన మొహతర్ఫా వారెరిగినవే. అయితే “నీ సంపాదన యెంతయో నీవే వ్రాసి యిమ్ము” అని ప్రభుత్వము కోరుట మన దేశమున 1860లో మొదలయ్యెను. ఆ కోరికకు హద్దెక్కడ అను ప్రశ్నయు నాడే పుట్టెను.

1857 తిరుగుబాటు పిదప ప్రభుత్వపు బొక్కసము అప్పులతో క్రుంగిపోయెను. దానిని చక్కదిద్దుటకై ఇంగ్లండునుండి వచ్చిన ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ ఆదాయపు పన్నును ప్రవేశపెట్టెను. ఏటికి 200 రూపాయలలోపు ఆదాయము గలవారికి పన్ను లేదు. 500 వరకు నూటికి రెండు, ఆపైన నూటికి నాలుగు. రైతు శిస్తు కట్టుచుండగా వర్తకుడును ఉద్యోగియు ఏమియు నీయకుండుట న్యాయమా యను వాదమున బలము లేకపోలేదు.

కాని ఈ పన్ను పుట్టిన ఇంగ్లండులోనే జనులు దీనిని శంకించిరి. 1803లో ఆడింగ్టన్ ఆదాయమును ఐదు పద్దులుగా విభజించెను. ఒకని రాబడి మొత్తము ఏ ఒక్క అధికారి కంటను పడకుండుట దానివలన కలిగిన మేలు. 1816లో పార్లమెంటు పన్నును రద్దుచేసి, దాని కాగితములను గూడ నాశనము చేయవలెనని నిశ్చయించెను. 1842లో గాని అది తిరిగి రాలేదు.

కోస్తా జిల్లాలును రాయలసీమయు నాడు చేరియుండిన మద్రాసు రాజధానిలో శంకకు మరింత కారణముండెను. శిస్తు రాబట్టుటకై చిల్లర యుద్యోగులు రైతులను ఎండలో వంచి నిలబెట్టుట, వ్రేళ్లను కర్రల నడుమ నొక్కుట మొదలగు హింసలు చేయుచుండిరని 1855 నాటి ప్రభుత్వ విచారణ సంఘమే తేల్చెను. అట్టి చేతులకు ఇంటింటి జమాఖర్చులు అప్పగించుట యెట్లు?

మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ ఈ పన్ను వలదనియు, వ్యయము తగ్గించుటయే మార్గమనియు వాదించి, తన అభ్యంతరములను పత్రికల కెక్కించెను. ఫలితముగా 1860లోనే ఆయనను వెనుకకు పిలిపించిరి. ఆ యేడే విల్సన్ కలకత్తాలో మరణించెను. విధి విచిత్రము! కొలది యేండ్లకు ట్రెవెల్యనే ఆర్థిక సభ్యుడై తిరిగివచ్చెను. 1865లో గడువు తీరిన ఆ పన్నును పొడిగించుటకు ఆయన పూనుకొనలేదు. పిదప వచ్చుచు పోవుచుండి, 1886 చట్టముతో అది స్థిరపడెను.

ఈ కథను మేమిప్పుడు జ్ఞప్తికి తెచ్చుటకు కారణము కలదు. పన్ను చెల్లించువా డిచ్చిన వివరములను రహస్యముగ నుంచవలెనని 1922 చట్టము శాసించెను. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2025లో చేసిన ఆదాయపు పన్ను చట్టమో, సోదా చేయు అధికారికి ఇనుప పెట్టెలనే గాక ఈ-మెయిలును, సామాజిక మాధ్యమముల ఖాతాలను గూడ తెరచు అధికార మొసగెను. నాటి చిట్టాపుస్తకము కంటె నేటి యీ ఖాతాలలో మన బ్రతుకు ఎక్కువగ నున్నది.

పన్ను లేనిదే రాజ్యము నడవదు. లెక్క అడుగు హక్కు ప్రభుత్వమునకు కలదు. ఆ లెక్కను ఎవరు చూతురు, ఎంతవరకు చూతురు, చూచినవారు ఎవరికి జవాబుదారులు అని అడుగు హక్కు మనకు కలదు.