ఆకాశమే కప్పుగా: దక్కను పాలకుల సమాధులు

ఆదమ్ ముందు తలవంచనని నిరాకరించి దైవాగ్రహానికి గురైన ఇబ్లీసు వృత్తాంతం ద్వారా అహంకారాన్ని ఘోర దోషంగా చూపిన ఇస్లాం, 'కిబ్ర్' అనే ఆ గుణాన్ని సత్యాన్ని తోసిపుచ్చి తోటివారిని చిన్నచూపు చూడటంగా నిర్వచించి, దానికి విరుగుడైన 'తవాజు'ను, అంటే వినయాన్ని, నమాజు నుంచి సమాధి దాకా ఆచారాల్లో పాదుకొల్పింది. సమాధులకు గచ్చు పూయరాదని, వాటిపై కట్టడాలు లేపరాదని హదీసులు, అనగా ప్రవక్త వచనాలను, చర్యలను తెలిపే ఉల్లేఖనాలు, వారించినా పాలకులు దాన్ని పాటించింది తక్కువే. గోల్కొండ కోట చేరువలో అక్కడి పాలకులైన కుతుబ్‌షాహీలు నిలిపిన గుమ్మటాలు ఎంత సుందరమైనవో అంత స్పష్టంగా రాజసాన్ని చాటుతాయి.

ఆ గోల్కొండను 1687లో జయించిన మొఘల్ చక్రవర్తి ఔరంగజేబు 1707లో అహ్మద్‌నగర్‌లో మరణించగా, ఖుల్దాబాద్‌లో సూఫీ గురువు జైనుద్దీన్ షిరాజీ దర్గా ఆవరణలో, ఔరంగజేబు అభీష్టం మేరకే, పైకప్పు లేని మట్టి సమాధిలో ఖననం చేశారు. నేడు దాని చుట్టూ కనిపించే పాలరాతి జాలీ చాలాకాలం తరువాత చేర్చినది. తండ్రిని నిర్బంధించి, సోదరులను అడ్డు తొలగించుకొని సింహాసనమెక్కిన చక్రవర్తి చూపిన ఈ అణకువ అతని పాలనలోని కాఠిన్యాన్ని మాపలేదు గానీ, ధర్మశాస్త్ర నియమానికి రాజు తలవంచిన అరుదైన సందర్భంగా దానికి విలువ ఉంది.

ఔరంగజేబు తరువాత హైదరాబాదు రాజ్యాన్ని ఏలిన నిజాములు కూడా దర్గా, మసీదుల ఆవరణల్లోనే సమాధి అయ్యారు. 1748లో మరణించిన మొదటి నిజాం ఖుల్దాబాద్‌లోనే బుర్హానుద్దీన్ గరీబ్ దర్గాలో సమాధి కాగా, తరువాతి నిజాముల్లో పలువురిని హైదరాబాదు మక్కా మసీదు ఆవరణలో ఖననం చేశారు. ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యంత సంపన్నుడిగా పేరొందిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సమాధి మాత్రం, 1967లో ఆయన మరణించాక, కింగ్ కోఠీ ప్యాలెస్ ఎదుటి జూదీ మసీదులో ఏర్పడింది.