ఇన్సులిన్ కోసం యూనివర్సిటీ, కంపెనీ చేతులు కలిపిన రోజులు

మా అమ్మమ్మకి రోజూ ఇన్సులిన్ పెన్ను సెట్ చేసిచ్చేది నేనే. ఆ మందు వెనక ఒక యూనివర్సిటీకీ ఒక కంపెనీకీ నడిచిన తగాదా ఉందని ఈమధ్యే చదివా.

1921 డిసెంబర్, అమెరికాలోని న్యూ హేవెన్. జంతువుల క్లోమం నుంచి తీసిన రసంతో కుక్కల్లో షుగర్ తగ్గుతోందని టొరంటో యూనివర్సిటీ వాళ్ళు ఓ సమావేశంలో చెప్పారు. అక్కడే ఉన్న ఎలీ లిలీ కంపెనీ సైంటిస్ట్ జార్జ్ క్లోవ్స్, కలిసి పనిచేద్దాం అన్నాడు. ప్రొఫెసర్ మెక్లియాడ్ ఇంకా టైం రాలేదన్నాడు. మందు మీద కంపెనీతో బేరం కుదుర్చుకోవడమంటే ఆ రోజుల్లో డాక్టర్లకి నామోషీ కూడా.

1922 జనవరిలో 14 ఏళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కి ఇంజెక్షన్ ఇచ్చారు. మొదటిది సరిగ్గా పనిచేయలేదు. కాలిప్ శుద్ధి చేసిన రసం 23న పనిచేసింది. అంతా అయిపోయిందనుకుంటాం కదా? అసలు కష్టం అప్పుడే మొదలైంది. ల్యాబ్‌లో కొద్దికొద్దిగా వచ్చింది పెద్ద ఎత్తున చేయబోతే రాలేదు. కొన్నాళ్ళకి కాలిప్‌కే మళ్ళీ కుదరలేదు! బయట రోగులు ఎదురుచూస్తున్నారు.

ఇక తప్పక మే 30న లిలీతో ఒప్పందం రాసుకున్నారు. ఏడాదిపాటు అమెరికాలో తయారీ లిలీదే, తెలిసిన కిటుకులు ఇద్దరూ పంచుకోవాలి. లిలీలో జార్జ్ వాల్డెన్ అనే కెమిస్ట్, ద్రవం ఆమ్లత్వాన్ని సరిగ్గా ఒక చోట నిలిపితే ఇన్సులిన్ విడిపోయి అడుక్కి దిగుతుందని పట్టుకున్నాడు. మందు చాలా శుద్ధంగా, బలంగా వచ్చింది.

లిలీ దానిమీద పేటెంట్‌కి వెళ్ళింది. పైగా 'ఐలెటిన్' అని సొంత పేరు పెట్టింది. టొరంటో వాళ్ళకి ఒళ్ళు మండింది. మండదా మరి! ఒక్కరి గుత్తాధిపత్యం రాకూడదనే బాంటింగ్, బెస్ట్, కాలిప్ తమ పేటెంట్‌ని తలా ఒక్క డాలర్‌కి యూనివర్సిటీకి ఇచ్చేశారు. అదృష్టవశాత్తూ సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు దాదాపు ఇదే పద్ధతిని విడిగా కనిపెట్టారు. దాంతో టొరంటో మాటకి బలం వచ్చింది.

నన్నడిగితే టొరంటో అనుమానం తప్పు కాదు. కానీ ఆ అనుమానంతో పోయిన ఐదు నెలలు? వాల్డెన్ లాంటి కెమిస్ట్ సాయం ఆ ఐదు నెలలూ వాళ్ళకి లేకుండాపోయింది.

చివరికి రాజీ కుదిరింది. మిగతా కంపెనీలకీ లైసెన్సులు వెళ్ళాయి. ఐలెటిన్ అన్న పేరు మాత్రం లిలీ సీసాల మీద దశాబ్దాలపాటు అలాగే ఉండిపోయింది.