మరకుక్క – పనిముట్టు – హక్కు

సాహిత్య విమర్శ రాసేవాడికి మరకుక్క గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. పనిముట్టు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న మనకూ కొత్తది కాదు. భాష నేర్చేవాడికి వ్యాకరణం, నిఘంటువు ఎలాంటివో, యంత్రానికి కొత్త నడత నేర్పేవాడికి ప్రోగ్రామింగు సాధనాలు అలాంటివి.

జపానులో సోనీ కంపెనీ 1999లో ‘ఐబో’ అనే మరకుక్కను అమ్మకానికి పెట్టింది. ధర 2,50,000 యెన్లు. అక్కడి కొనుగోలుదారులకు కేటాయించిన 3,000 కుక్కలు 20 నిమిషాల్లో అమ్ముడయ్యాయి. కొన్నవారికి కుక్క దక్కింది గాని, దాని బుర్రకు వేసిన తాళం కంపెనీ దగ్గరే ఉండిపోయింది. ‘ఐబోపెట్’ అనే మారుపేరు గల ఒక ఔత్సాహికుడు ఆ తాళం విప్పాడు. కుక్క చేత నాట్యం చేయించే ప్రోగ్రాములు రాసి ఉచితంగా పంచాడు. 2001లో కంపెనీ, 1998 నాటి అమెరికా కాపీరైటు చట్టాన్ని చూపి, వాటిని తొలగించమంది. కుక్కల యజమానులు తిరగబడ్డారు. ఇకపై మీ సరుకు కొనబోమన్నారు. కంపెనీ వెనక్కి తగ్గింది. 2002లో ‘ఓపెన్-ఆర్’ సాధనాలను, వ్యాపారానికి వాడకూడదన్న షరతుతో, ఉచితంగా విడుదల చేసింది. దీన్ని కేవలం కంపెనీ ఔదార్యంగా చెప్పే చరిత్రను నేను ఒప్పుకోలేను.

సాధనాలు చేతికొచ్చినా పని సులువు కాలేదు. సి ప్లస్ ప్లస్ భాషలో, ప్రోగ్రాము భాగాల మధ్య సందేశాలు నడపడమే పెద్ద చిక్కు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు ‘టెక్కొట్సు’ అనే చట్రాన్ని తయారుచేసి ఆ బరువు తగ్గించారు. జపాను భాషలో ఆ మాటకు ఇనుప ఎముకలని అర్థం. యంత్రం లోపలి చిక్కులను చట్రం మోసింది. బంతి కనబడితే కుక్క ఏం చేయాలన్నదాని మీద విద్యార్థి మనసు పెట్టగలిగాడు. పైగా ఆ చట్రం మూలపాఠాన్ని ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు.

2006లో సోనీ ఐబో తయారీ ఆపేసింది; 2014లో మరమ్మతులూ మానేసింది. విడిభాగాలు కరువై, చచ్చిన కుక్కల భాగాలు తీసి బతికున్నవాటికి అమర్చవలసి వచ్చింది. 2015 నుంచి చీబా ప్రాంతంలోని ఇసుమిలో ఒక బౌద్ధాలయంలో వాటికి అంత్యక్రియలు కూడా జరిగాయి. 2018లో సోనీ మళ్ళీ కొత్త ఐబోను తెచ్చింది గాని, పాత కుక్కలకు దానివల్ల ప్రాణం రాలేదు.

టెక్కొట్సు మాత్రం కుక్కతోపాటు చావలేదు. మూలపాఠం తెరిచి ఉంది కనుక, దాన్ని ఇతర రోబోలకు మలుచుకున్నారు. వస్తువు ఆయుష్షును లాభనష్టాలు నిర్ణయించవచ్చు. దానితో నేర్చుకున్న విద్య ఆయుష్షును కూడా అవే నిర్ణయించకూడదు. పిల్లల చేతికి యంత్రం ఇచ్చే ప్రతి చోటా, దాని తాళం ఎవరి దగ్గరుందని మనం ముందే అడగాలి.