భూమాపకుని సంచి: పావగడ సీమలో కొలత సామగ్రి చరిత్ర

పావగడ తాలూకా కర్ణాటకమునందలి తుమకూరు జిల్లాకు చెందినదైనను, దానికి మూడు దిక్కుల ఆంధ్రదేశమే కలదు. కల్యాణదుర్గము, పెనుకొండ, మడకశిర ప్రాంతములు దానికి ఇరుగుపొరుగులు. ఇచ్చటి పల్లెలలో తెలుగు ఇంటి భాష, కన్నడము కచేరి భాష. ఈ రెండింటి కలయిక భూమి కొలతయందు మరింత స్పష్టముగా గోచరించును. పొలిమేర కీవల నేలను ఎకరములు, గుంటలుగను, ఆవల ఎకరములు, సెంట్లుగను లెక్కింతురు. ఎకరమునకు గుంటలు 40, సెంట్లు 100. కనుక గుంటకు రెండున్నర సెంట్లు. భూమి కొలతకు కర్ణాటకమున వాడు 'మోజిణి' యను మాట మరాఠీనుండి వచ్చినది.

భూమి కొలతల చరిత్ర వ్రాసినవారు దొరల పేర్లను, యంత్రముల పేర్లను తప్పక పేర్కొందురు. ఆ యంత్రములను, ఆ పుస్తకములను పొలమునుండి కచేరికి చేర్చిన సంచిని పేర్కొన్నవారు మాత్రము అరుదు. పొలములో ఎంత నిర్దుష్టముగా కొలిచినను, దారిలో తడిసిన పుస్తకము, చినిగిన పుట రైతునకు గట్టు తగవుగా పరిణమించును. కావున సంచి చరిత్ర అల్పవిషయమని త్రోసివేయ వీలులేదు.

ఆంగ్లేయులకు పూర్వము గ్రామలెక్కలు ఆంధ్రసీమలో కరణముల చేతను, మైసూరు సీమలో శానుభోగుల చేతను ఉండెడివి. వారి పుస్తకము కడితము. గుడ్డకు చింతగింజల జిగురును, బొగ్గుపొడిని పట్టించి, నల్లగా ఆరబెట్టి, మడతలుగా మడిచి, బలపముతో వ్రాయుదురు. చెరపి మరల వ్రాయవచ్చును. మడతల రెండు కొసలకు చెక్కలు అట్టలుగా నుండుటచే కడితమునకు వేరొక సంచి అక్కరలేదు. చుట్టూ ఒక గుడ్డ కట్టిన చాలును. ఆ గుడ్డమూటనే కన్నడ సీమ కచేరులలో రుమాలు అనిరి. అది దుమ్మును ఆపును, వానను ఆపదు. అయినను కరణము తన ఊరి పొలిమేర దాటి కొలువబోడు గదా! చెట్టు నీడయో, చావడి అరుగో ఎల్లప్పుడు చేరువలోనే యుండెను.

1799లో శ్రీరంగపట్టణము పతనమైన పిమ్మట ఈ స్థితి మారెను. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802 నుండి పొలముల కొలత ప్రారంభించెను. ఆ కొలతకు వాడిన గొలుసు 33 అడుగులది. 33 అడుగుల చదరమే గుంట. అనగా నేడు సెంట్ల లెక్కయే వాడుకలోనున్న అనంతపుర సీమయందు సైతము రెండునూరేండ్ల పైచిలుకు క్రిందట గుంట లెక్కయే నడచినది. ఇరువైపుల వారు తమ లెక్కయే అనాదియని వాదించుకొనుటకు ఆధారము లేదు.

అదే కాలమున కాలిన్ మెకంజీ మైసూరు రాజ్యమును సర్వే చేయుచుండెను. అతని కొలువులోని కావలి బొఱ్ఱయ్య ఏలూరివాడు, 1803లో మరణించెను. అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. వీరు ఊరూర సేకరించిన కైఫీయతులు, కవిలెలు, శాసనప్రతులు ఎడ్లమీదను, మనుష్యుల మూపులమీదను దూరము ప్రయాణించి చేరినవే.

విలియం లాంబ్టన్ పని వేరు తీరుది. 1800లో బెంగుళూరు వద్ద ఆధారరేఖను కొలిచి, కొండనుండి కొండకు త్రిభుజములు కట్టుచు అతడు దక్షిణాపథమంతయు సంచరించెను. అతని లెక్కలలో 'పౌఘర్' అని కానవచ్చునది మన పావగడ దుర్గమే. అక్షాంశ నిర్ణయమునకు నక్షత్రములను పరిశీలించిన స్థానములలో అది యొకటి. అతని మహాథియొడొలైటు సుమారు అరటన్ను బరువు. అది ఇంగ్లండునుండి వచ్చుచుండగా ఫ్రెంచివారు ఓడను పట్టుకొని మారిషస్‌కు కొనిపోయిరి. తుదకు గవర్నరు దానిని మర్యాదతో మదరాసునకు పంపెను. ఇన్ని చేతులు మారినను చెడని ఆ యంత్రము 1808లో తంజావూరు దేవాలయ గోపురముపైకి లాగుచుండగా త్రాడు తెగి, పెట్టెతో సహా గోడకు కొట్టుకొని వంకరపోయెను. లాంబ్టన్ దానిని సరిదిద్దుకొనుటకు వారములకొలది శ్రమించెను. పెట్టె ఎంత దృఢమైనను దానిని మోయు త్రాడు, తగిలించు కొక్కెము బలహీనములైన ప్రయోజనము సున్న. నేటి సంచులు కూడ చాలవరకు గుడ్డవద్ద గాక భుజపుపట్టీ కుట్టినచోటనే తెగుచుండుట గమనింపదగినది.

మైసూరులో రెవిన్యూ సర్వే 1863లో బొంబాయి పద్ధతి ననుసరించి ఆరంభమయ్యెను. 33 అడుగుల గుంటగొలుసును 16 భాగములు చేసి ఒక్కొక్క భాగమును అణా యనిరి. రూపాయికి పదునారణాలని యెరిగిన రైతునకు ఇంతకంటె సులభమైన లెక్క వేరొకటి దొరకదు. మదరాసు వైపున మాత్రము 66 అడుగుల, నూరు లింకుల గంటరు గొలుసు స్థిరపడెను. గొలుసుతోబాటు నేలలో గ్రుచ్చుటకు పది ఇనుపబాణములు, లంబరేఖకు క్రాస్‌స్టాఫు, తూకపుగుండు, దిక్సూచి, కొలతపుస్తకము, పెన్సిళ్లు, నీటిసీసా: ఇదీ భూమాపకుని సంసారము. ఇందులో సగము పదునైన ఇనుము. సగము చినుగునట్టి కాగితము. రెండును ఒకే సంచిలో ఇమడవలెను. చిక్కంతయు ఇచ్చటనే కలదు.

గొలుసు విషయమై కొంత విస్తరించుట అవసరము. గంటరు గొలుసులో లింకులు, చిన్న వలయములు ఒకదానితో నొకటి రాచుకొను చోట్లు సుమారు ఎనిమిదివందలు. ఒక్కొక్కచోట అంగుళములో నూరవవంతు అరిగినచో గొలుసు మొత్తము 8 అంగుళములు సాగును. సాగిన గొలుసు నేలను తక్కువ చేసి చూపును. 66 అడుగులలో 8 అంగుళములనగా నూటికి ఒకటి. విస్తీర్ణములో నూటికి రెండు. ఐదెకరముల రైతు, అనగా 200 గుంటలవాడు, కాగితముమీద నాలుగు గుంటలు పోగొట్టుకొనును. అరుగుదలకు ప్రధానకారణము ఇసుక. మట్టితో గొలుసును సంచిలో కుక్కి, ఆ సంచిని దినమంతయు కుదుపుచు నడచినచో తిరుగటిలో వేసినట్లే. కనుక గొలుసు అర అడుగున ఇత్తడి కన్నములు ఉండి దుమ్ము తనంత తానే రాలిపోవలెను. సంచిని గట్టిగా మూసిన మేలని తలచువారు ఈ సంగతిని మరతురు.

ఇక పదార్థము. పావగడ వర్షాభావ ప్రాంతము. రాతినేల, తుమ్మముండ్లు, వేసవి తీక్ష్ణత మెండు. ఈ సీమలో తంగేడు విస్తారము. దక్షిణదేశపు తోలు పనివారు తంగేడు పట్టతోనే తోలును పదును చేసిరి. అట్టి తోలు ముండ్లకు లొంగదు. కాని ఎండకు బిరుసెక్కి పగులును; అప్పుడప్పుడు ఆముదము పట్టింపవలెను. గోనె చౌక, అయితే నీరు పీల్చును, పీచు దిక్సూచిలోనికి పోవును. దళసరి కిత్తానుకు మైనము పట్టించిన వానకు తాళును. ఒకే పదార్థముతో సంచి యంతయు కుట్టుటకంటె, ఒడలు కిత్తానుతోను, అడుగు, మూలలు, పట్టీమొదళ్లు తోలుతోను కుట్టుట ఉత్తమము. బాణములకు సంచిలో తావీయరాదు. వానికి వేరుగ తోలు ఒర యుండవలెను. లేనిచో మొదటి వారమందే అడుగునకు తూట్లు పడును. కట్లు ఇత్తడివైన తుప్పు పట్టవు, దిక్సూచి ముల్లును లాగవు. చదువునప్పుడు దిక్సూచిని గొలుసునకు, సంచికి దూరముగ కొనిపోవుట ఎట్లును తప్పదు.

ఆకారమునకు మాత్రము పరదేశపు నమూనా వెదక బనిలేదు. రెండు జేబులు రెండువైపుల వ్రేలాడు అసిమిసంచి తెలుగునాట పూర్వమునుండి కలదు. దానిని భుజముపై వేసికొన్న ముందు జేబులో కాగితము, వెనుక జేబులో ఇనుము ఉండును. బరువు సరితూగును, ఒక భుజమే క్రుంగదు, కొలతపుస్తకము చేతికందును, పదును కాగితమును తాకదు. చిన్న వస్తువులకు ముసలివారి వక్కలసంచి మంచి ఆదర్శము. ఒక త్రాడు లాగిన అన్ని అరలు మూతపడును, వంగినను ఆకు సున్నములో పడదు. పెన్సిలు, రబ్బరు, సూదిదారము అందులో భద్రముగా నుండగలవు.

ఈ విచారము గతకాలపు ముచ్చటగా మిగిలిపోలేదు. 2018లో పావగడ తాలూకాయందు తిరుమణి, వళ్లూరు మొదలగు ఐదు గ్రామములలో సుమారు 13,000 ఎకరముల నేలలో సౌరవిద్యుత్తు కేంద్రము ప్రారంభమైనది. దాని సామర్థ్యము 2,050 మెగావాట్లు. రైతుల భూమిని కొనక, ఎకరమునకు సంవత్సరమునకు 21,000 రూపాయల చొప్పున కౌలుకు తీసికొనిరి. ఆ లెక్కన గుంటకు 525 రూపాయలు. పైన చెప్పిన అరిగిన గొలుసువంటి దోషమే ఐదెకరముల రైతు లెక్కలో మిగిలియుండినచో ఏటేట 2,100 రూపాయలు నష్టము. వాన వచ్చునో రాదో యని వేరుసెనగ విత్తిన కాలమున నాలుగు గుంటల తేడాను అన్నదమ్ములు సరిపెట్టుకొని యుందురు. నెలజీతమువలె కౌలు వచ్చు కాలమున గుంటకొక విలువ, గట్టుకొక విలువ ఏర్పడినది.

నేటి భూమాపకుని సామగ్రి మారినది. గొలుసునకు బదులు టోటల్ స్టేషను, ఉపగ్రహసంకేతములను గ్రహించు రోవరు వచ్చినవి. వీనికి లోపల మెత్తని నురుగుదిండు గల గట్టిపెట్టెలు తయారుచేసినవారే ఇత్తురు. కాని బ్యాటరీలు, పలకవంటి కంప్యూటరు, పాత టిప్పణి నకళ్లు భుజపుసంచిలోనే యుండును. బ్యాటరీకి వేడి శత్రువు. అంగడిలో దొరకు నల్లని సంచి పావగడ ఎండలో పొయ్యివలె కాగును. లేతరంగు కిత్తాను, లోపల కంబళి పొర వేడిని కొంత అడ్డగించును. ఆ కంబళి కొరకు దూరము పోనక్కరలేదు. పడమట చళ్లకెరె ప్రాంతమున కురుబలు తరతరములుగ నేయుచున్నదే.