జూ బోర్డు వెనక తారీఖ్

హైదరాబాద్ సైర్ అంటే మా కోయిలకుంట్ల వైపు ముస్లిం కుటుంబాలకు ఒక లెక్కుంది. చార్మినార్, మక్కా మస్జిద్, సాలార్‌జంగ్ మ్యూజియం, ఆఖర్న జూ పార్కు. పిల్లలు పులిని చూసి కేకలేస్తారు, చెట్టు కింద టిఫిన్ డబ్బా తెరుస్తాం, అంతే. జంతువు పక్కనుండే బోర్డు చదివేవాళ్లు తక్కువ. ఆ బోర్డు వెనక కూడా ఒక తారీఖ్ ఉంది, అందులో మనవారూ ఒకరున్నారు.

పూర్వం హైదరాబాద్‌లో జంతువులను బాగే ఆమ్‌లో ఉంచేవారు. మీర్ ఆలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాల్లో నెహ్రూ జూ 1963 అక్టోబర్ 6న తెరుచుకుంది. అక్కడ సింహానికీ మనిషికీ మధ్య ఊచల బదులు కందకం పెట్టారు. ఈ తరీఖాను 1907లో జర్మనీలోని హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ చేసి చూపించాడు. తేడా చిన్నదేం కాదు. ఊచల వెనక జంతువు ఖైదీలా కనిపిస్తుంది, కందకం అవతల దాని ఇల్లు కూడా కొంత కనిపిస్తుంది.

ఇక మన సాలిం అలీ సాహెబ్ సంగతి. 1896లో బొంబాయిలో పుట్టిన సులేమానీ బోహ్రా. 1926లో అక్కడి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్ నౌకరీ దొరికింది, నెలకు 350 రూపాయల తన్‌ఖా. అద్దాల వెనక నిలబెట్టిన జంతువుల గురించి వచ్చినవాళ్లకు సమఝాయించడం ఆయన పని. ఇంకా నేర్చుకుందామని బెర్లిన్ వెళ్లి తిరిగొచ్చేసరికి నిధుల్లేక ఆ ఉద్యోగమే ఎత్తేశారు. ఆయన ఇల్మ్ మాత్రం ఆగలేదు. అద్దం ముందు నుంచి అడవిలోకి నడిచారు, హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే కూడా చేశారు.

బట్టమేక పిట్టను జాతీయ పక్షిగా చేయాలని ఆయన కోరారు. 1963లో ఆ ఇజ్జత్ నెమలికి దక్కింది. ఆయన ఇంతెఖాల్ అయిన మరుసటి ఏడు, 1988లో, ఆ పిట్ట కోసమే అప్పటి మన కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం వచ్చింది. పిట్ట మాత్రం అక్కడ నిలవలేదు. మీటరు ఎత్తుండే ఈ పక్షి నేల మీదే, సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. దానికి చెట్లు కాదు, గడ్డినేల కావాలి. గడ్డినేలను మనం 'బంజరు' అంటాం, దున్నేస్తాం, కరెంటు తీగలు లాగుతాం. ఇవాళ దేశం మొత్తం మీద ఆ పక్షులు 200 కూడా లేవు.

అందుకే నా రాయి ఇది. జంతువు పేరు, బరువు, తిండి రాస్తే బోర్డు పూర్తి కాదు. దాని ఇల్లు ఎక్కడ, ఆ ఇల్లు ఎలా పోయింది, అదీ రాయాలి, మన పిల్లలు చదివే జబాన్‌లో రాయాలి. ఖురాన్‌లో సూరాల పేర్లే చూడండి: బఖరా ఆవు, నహ్ల్ తేనెటీగ, నమ్ల్ చీమ, అన్‌కబూత్ సాలీడు, ఫీల్ ఏనుగు. ఆ పేర్లు రోజూ చదివే ఇళ్లలో అల్లాహ్ మఖ్లూఖ్ వట్టి తమాషా ఎలా అవుతుంది? అది మన చేతిలో పెట్టిన అమానత్.

ఈసారి జూకు వెళ్తే పిల్లల్ని బోర్డు దగ్గర కాసేపు నిలబెట్టండి. వాళ్లను ఒక్క సవాల్ అడగండి: "బేటా, దీని సొంత ఇల్లు ఎక్కడ?"